‘కాసేపు మాట్లాడుకోండమ్మా’: టీకా తాత్పర్యము

మూలము

“మీరిద్దరూ అలా వెళ్లి కాసేపు మాట్లాడుకోండమ్మా.”

అవతారిక

పెళ్లిచూపులలో మిక్చరు ప్లేట్లు ఖాళీ అయిన పిమ్మట, ఇచ్చిపుచ్చుకోవడాల ఊసు ఎత్తుటకు ముందు, మేనమామ పలుకు వాక్యమిది. దీనికి మన కాలపు భాష్యము 2016 జూలైలో విడుదలైన ‘పెళ్ళిచూపులు’ సినిమా. భాష్యకారుడు తరుణ్ భాస్కర్. పూర్తి నిడివి చిత్రాలలో ఆయనకది మొదటిది. పెద్ద హీరో లేడు, ఫైటు లేదు, సుమోలు గాలిలోకి లేవవు. రాజ్ కందుకూరి, యష్ రంగినేని ధైర్యము చేసి డబ్బు పెట్టిరి.

ప్రతిపదార్థము

మీరిద్దరూ = వరుడును, వధువును. ఇచట ప్రశాంత్ (విజయ్ దేవరకొండ), చిత్ర (రీతూ వర్మ). అతడు సప్లిమెంటరీలు రాసి రాసి ఇంజినీరింగు గట్టెక్కినవాడు. మనసంతా వంట మీద. ఆమె సొంత వ్యాపారమునకు, ఆస్ట్రేలియా ప్రయాణమునకు లెక్కలు వేసికొన్నది. ఇద్దరికిని ఈ పెళ్లి అక్కరలేదు. ఆ సంగతి హాలులో కూర్చున్నవారికి తెలియదు.

అలా = ఎటో చెప్పని దిక్కు. డాబా అని పల్లె శాఖవారు, బాల్కనీ అని అపార్టుమెంటు శాఖవారు. అమ్మాయి గది అని సినిమా.

వెళ్లి = స్పష్టము.

కాసేపు = కాఫీ చల్లారునంత కాలము. తలుపు ఓరగా ఉంచవలెనని శేషము. భాష్యకారుని చమత్కారమంతయు ఇచటనే కలదు. తలుపునకు గడియ పడును, ఎవరు లాగినను రాదు. దానితో నిమిషములు గడియలగును. ఇది శ్లేష. లోకములో ఈ ఘట్టమునకు దొరకునది ఐదు నిమిషాలు. వానిలో “పుస్తకాలు చదువుతాను, పాటలు వింటాను” అను జంట అబద్ధములు మాత్రమే పట్టును. నిజము ఆరవ నిమిషమున గాని మొదలు కాదు, ఆ నిమిషము ఏ మేనమామయు ఇచ్చి ఎరుగడు. గడియ ఇచ్చెను. ప్రశాంత్ తన చేతకానితనములన్నీ వరుసగా చెప్పును. ఆమె తాను నమ్మినవాడు మాట ఇచ్చి రాకుండా పోయిన వైనము చెప్పును.

మాట్లాడుకోండి = ఒకరు చెప్పగా ఒకరు వినుడు. సంభాషణలను చిత్రీకరణ వేళనే రికార్డు చేసిరి గనుక నీళ్లు నమలడము కూడ వినబడును. డబ్బింగు థియేటరుకు పోయి ఉంటే ఆ తడబాటు ఇస్త్రీ అయిపోయెడిది. 64వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రముతో బాటు ఉత్తమ సంభాషణల బహుమతియు దీనికే వచ్చెను.

అమ్మా = సంబోధన పిల్లకు మాత్రమే. పిల్లవానిని ఎవరును పిలువలేదు. వాడే లేచి వెనుక నడుచును. తరువాతి కథయు ఇంతే. ఇద్దరును కలిసి పెట్టిన ఫుడ్ ట్రక్కులో లెక్కలు, నిర్ణయములు ఆమెవి, గరిటె అతనిది. “వంట వచ్చునా?” అను ప్రశ్న ఇన్నాళ్లకు సరైన పక్షమును చేరెను.

తాత్పర్యము

ఓ పిల్లలారా, జీతము, ప్లాటు, పొలము మేము తేల్చుకొనవలసి ఉన్నది. మీరు కాస్త అడ్డు లేవండి.

శంక: సినిమాలో మగపెళ్లివారు వచ్చిన ఇల్లే తప్పు గదా! అడ్రసు పొరబడి చూచిన చూపులు చెల్లునా?

సమాధానము: పెళ్లికి చెల్లవు, వ్యాపారమునకు చెల్లును. సంబంధము అక్కడికక్కడే తెగినది గనుక మరల కలిసినప్పుడు తాంబూలాల బెంగ లేదు. అతనికి వేరొక కలవారి సంబంధము చూచుచున్నారు. ఆమెకు పనిలో తోడు కావలెను. ముందు పెట్టుబడి, ఆపై పేచీ, ప్రేమ చివరి పద్దు. ఈ క్రమము నాకు నచ్చినది. మన సినిమాలలో ప్రేమించువారికి సాధారణముగా పని ఉండదు.

అలంకారము: ఒక ఇంటిని వేరొక ఇల్లనుకొనుట భ్రాంతిమంతము.

రసము: శృంగారమని పోస్టరు. హాస్యమని ఈ టీకాకారుని మతము. అది ప్రశాంత్ స్నేహితుడు కౌశిక్ (ప్రియదర్శి) భుజముల మీద నడచినది. అతడు తెర మీద లేని వేళ ద్వితీయార్ధము కొంత నీరసించును.

పాఠభేదములు: ‘మిత్రోం’ (2018) అను హిందీ ప్రతిలో కథ గుజరాతునకు తరలెను. మలయాళమున ‘విజయ్ సూపరుం పౌర్ణమియుం’ (2019), తమిళమున ‘ఓ మణపెణ్ణే’ (2021) కలవు. ఏ ప్రతిలోను మేనమామకు పారితోషికము చెల్లించిన జాడ లేదు.