రోహిణి కార్తెలో కంప్యూటర్: విసాపూర్ వాళ్లకు ఎదురు సలహాలు

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మన సామెత. అందులో ఎంత నిజముందో చంద్రపూర్ జిల్లాలో ఒక్క మే నెల గడిపినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 47 డిగ్రీలు వచ్చినా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. బల్లార్‌పూర్ పక్కనే ఉన్న విసాపూర్‌లోనూ అదే ఎండ. కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైల్వే పనుల కోసం వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో పిల్లలకు ఇప్పుడు గట్టి డెస్క్‌టాప్ కావాలి. ఒకరికి పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఒకరికి త్రీడీ బొమ్మలు, ఒకరికి ఇంజినీరింగ్ ప్రాజెక్టు, అందరికీ ఆటలు.

ఎవరిని అడిగినా సలహా ఒకటే. ఎండ ప్రాంతం కాబట్టి పెద్ద క్యాబినెట్ తీసుకో, నిండా ఫ్యాన్లు బిగించు, అందరూ ఎగబడుతున్న ప్రాసెసర్ ఎక్కడ దొరికితే అక్కడ, ఎంతకు దొరికితే అంతకు కొనెయ్. నేను చెప్పేది ప్రతి మెట్టులోనూ దీనికి ఎదురు. మొండివాదం అనిపించినా సరే, చివరిదాకా చదవండి. ఒక్కోదానికీ లెక్క చూపిస్తాను.

1. ఎండ ఎక్కువున్న చోటే చిన్న పెట్టె కట్టండి

వేడి పుట్టేది ప్రాసెసర్‌లో, గ్రాఫిక్స్ కార్డులో. 250 వాట్లు లాగే కంప్యూటర్‌ను పెద్ద క్యాబినెట్‌లో పెట్టినా, 10 లీటర్ల పెట్టెలో పెట్టినా గదిలోకి వచ్చే వేడి అంతే. చూడాల్సింది గది గాలి ఎంత దగ్గరి దారిన హీట్‌సింక్‌కు చేరుతోందన్నది. ముందు గాజు పలక బిగించిన పెద్ద క్యాబినెట్‌లో గాలి సందుల్లోంచి దూరి, లోపలి వేడినంతా మోసుకుంటూ ప్రాసెసర్ దగ్గరికి వస్తుంది. మంచి చిన్న పెట్టెకు పక్క పలకల నిండా చిల్లులే. హీట్‌సింక్ ఫ్యాన్ ఆ పలకకు రెండు వేళ్ల దూరంలో ఉండి బయటి గాలిని నేరుగా పీల్చుకుంటుంది.

ఈ పెట్టెల్లో పట్టేది మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు. 2001లో వయా కంపెనీ తెచ్చిన ఈ కొలత 17 సెంటీమీటర్ల చదరం. మామూలు ఏటీఎక్స్ బోర్డు 30.5 × 24.4 సెంటీమీటర్లు. చిన్న బోర్డు మీద మెమొరీకి రెండే స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డుకు ఒకే స్లాటు. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు అంతకుమించి అవసరం పడటం అరుదు.

మన పిల్లలకు ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. చదువు హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో, ఇల్లు విసాపూర్‌లో. చిన్న పెట్టె వీపు సంచిలో పడుతుంది. బల్లార్షాలో రైలెక్కి కాగజ్‌నగర్, మంచిర్యాల, కాజీపేట మీదుగా హాస్టల్‌కు తీసుకుపోవచ్చు. ప్రయాణంలో గ్రాఫిక్స్ కార్డు మాత్రం విప్పి విడిగా గుడ్డలో చుట్టుకోండి. కుదుపులకు ముందు దెబ్బతినేది దాని స్లాటే.

2. ప్రాసెసర్ కంటే ముందు పెట్టె కొనండి

అందరూ ప్రాసెసర్‌తో మొదలుపెడతారు, పెట్టె ఆఖర్న చూసుకుంటారు. చిన్న కంప్యూటర్‌కు ఆ వరస కుదరదు. ముందు పెట్టె కొని బల్ల మీద పెట్టుకుని, స్కేలుతో మూడు కొలతలు తీసుకోండి. హీట్‌సింక్‌కు ఎంత ఎత్తు మిగిలింది, కార్డుకు ఎంత పొడవు, ఎంత మందం మిగిలింది. తర్వాతి ప్రతి వస్తువునూ ఈ మూడు అంకెలే నిర్ణయిస్తాయి. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఏ అనే పొట్టి హీట్‌సింక్ ఎత్తు 37 మిల్లీమీటర్లు. పెట్టెలో 50 మిల్లీమీటర్లుంటే అంతకంటే బలమైనదే పడుతుంది. పవర్ సప్లై ఎస్ఎఫ్ఎక్స్ కొలతది తీసుకోండి, అది 125 × 100 × 63.5 మిల్లీమీటర్లు.

బిగించేటప్పుడు ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కేబులు, ముందు బటన్ల సన్న తీగలు ముందుగా గుచ్చి, ఆ తర్వాతే హీట్‌సింక్ పెట్టండి. హీట్‌సింక్ కూర్చున్నాక ఆ మూలకు వేలు పోదు. చాలామంది రెండోసారి విప్పేది ఇక్కడే.

3. ఖరీదైన ప్రాసెసర్ కొని, దాని దూకుడు తగ్గించండి

నా సలహాల్లో ఎక్కువ వాదన వచ్చేది దీనికే. కాస్త లెక్క చూద్దాం. ఉదాహరణకు ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్ గరిష్ఠంగా 95 డిగ్రీల దాకా వేడెక్కవచ్చు. గది 25 డిగ్రీలున్నప్పుడు హీట్‌సింక్‌కు 70 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది. మే మధ్యాహ్నం మీ గది 42 డిగ్రీలైతే మిగిలేది 53. అంటే అదే హీట్‌సింక్, అదే ఫ్యాను, కానీ మోయగలిగే వేడి నాలుగింట మూడొంతులే. చల్లని గదిలో తీసిన సమీక్షల అంకెలు చూసి విసాపూర్‌లో కొనకూడదని ఇందుకే అంటున్నాను.

ఆ ప్రాసెసర్‌ను దాని మానాన వదిలేస్తే 162 వాట్ల దాకా లాగుతుంది. బయోస్‌లోకి వెళ్లి 65 వాట్ల ఈకో మోడ్ పెట్టండి. అప్పుడు దాని అసలు హద్దు 88 వాట్లవుతుంది. పోయే వేగం మీరు భయపడినంత ఉండదు. వోల్టేజీ పెరిగేకొద్దీ ఖర్చయ్యే కరెంటు దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి, చివరి కొద్దిపాటి వేగానికే ఎక్కువ వాట్లు తగలబడతాయి. ఆటల్లో ఈ చిప్ ఎలాగూ పూర్తి హద్దు దాకా పోదు, తేడా కనిపెట్టడం కష్టం. వీడియో రెండరింగ్ మాత్రం కొంత ఎక్కువ సేపు పడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.

గ్రాఫిక్స్ కార్డుకూ ఇదే సూత్రం. ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు లాగుతుంది. ఆ ఎండలో గదిలో రూమ్ హీటర్ వెలిగించుకున్నట్టే. 115 వాట్ల 4060, 145 వాట్ల 5060 లాంటి కార్డులు మన గదులకు సరిపోతాయి.

4. నీళ్ల కూలర్ తిరిగే గదిలోనే పెట్టండి

కిటికీకి ఇనుప కూలర్, దానికి గడ్డి ప్యాడ్లు. విదర్భలో ఎండాకాలం గడిచేదే దాని మీద. తేమకు కంప్యూటర్ పాడైపోతుందని పిల్లలు దాన్ని పక్క గదిలో, ఉక్కలో పెడుతుంటారు. నేనైతే కూలర్ గదిలోకే తెచ్చుకోమంటాను. తేమ నీరుగా మారేది గాలి కంటే చల్లగా ఉన్న వస్తువు మీద. నడుస్తున్న కంప్యూటర్‌లో ప్రతి భాగమూ గాలి కంటే వేడిగానే ఉంటుంది, కాబట్టి దాని మీద నీరు పట్టదు. పైగా మే నెలలో ఇక్కడి గాలి బాగా పొడి. పొడి గాలిలో గడ్డి కూలర్ గదిని పది డిగ్రీలు దించడం కష్టమేమీ కాదు. గది 42 నుంచి 32కు దిగితే హీట్‌సింక్ వెసులుబాటు 53 నుంచి 63కు పెరుగుతుంది. దాదాపు ఐదో వంతు బలం ఊరికే కలిసొచ్చింది.

జాగ్రత్త ఒక్కటే. కూలర్ మొహానికి ఎదురుగా పెట్టకండి. ప్యాడ్ల నుంచి ఎగిరొచ్చే తుంపరలో ఉప్పు ఉంటుంది, బోర్డు మీద తెల్లగా పేరుకునేది అదే. గాలి దారికి పక్కగా, నేలకు ఎత్తుగా ఉంచండి. వానలు మొదలై గాలిలో తేమ నిండాక కూలర్ వల్ల లాభం తగ్గిపోతుంది. అప్పుడు ఆపేయండి. వేలు పోసి ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలింగ్ కొనాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎంత ఖరీదైనదైనా అది గది గాలి కంటే చల్లబరచలేదు. ముందు ఆ డబ్బులో కొంత పెట్టి కూలర్‌కు కొత్త ప్యాడ్లు వేయించండి.

5. ఫ్యాన్లు తగ్గించండి

2,920 మెగావాట్ల చంద్రపూర్ థర్మల్ కేంద్రం, చుట్టూ బొగ్గు గనులు, రోడ్డు మీద బొగ్గు లారీలు. ఈ ప్రాంతంలో కిటికీ గడప మీద వేలితో రాస్తే నల్లటి గీత పడుతుంది. ఎన్ని ఫ్యాన్లు తిరిగితే అంత దుమ్ము లోపలికి వస్తుంది. గాలి లోపలికి లాగేవి రెండు చాలు. వాటి ముందు కడగడానికి వీలైన నైలాన్ జాలీ పెట్టండి. మరీ సన్న జాలీ వద్దు, అది వారానికే మూసుకుపోయి గాలి అందనివ్వదు.

పదిహేను రోజులకోసారి పలకలు ఊడదీసి మెత్తటి బ్రష్‌తో తుడవండి. తుడిచేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగి బేరింగ్ అరగకుండా. పెద్ద క్యాబినెట్‌ను ఏడాదికి ఒకసారి తెరిచేవాళ్లు కూడా చిన్న పెట్టెను తరచు శుభ్రం చేస్తారు, ఎందుకంటే అది బల్ల మీద కళ్ల ఎదుటే ఉంటుంది.

6. దొరకని ప్రాసెసర్‌ను వెతక్కండి, దొరికేది బిగించండి

ఆలస్యం అమృతం విషం అంటారు. కొత్త ప్రాసెసర్ విషయంలో ఆ సామెతను పక్కన పెట్టండి. 2020 నవంబర్ 5న రైజెన్ 5000 వరస వచ్చినప్పుడు సరుకు వచ్చింది వచ్చినట్టే అయిపోయింది. 2024 నవంబర్ 7న 479 డాలర్ల ధరతో 9800ఎక్స్3డీ వచ్చినప్పుడూ అదే జరిగింది. 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ ఉన్న ఆ చిప్ మీదికి ఆటలాడేవాళ్లంతా ఒక్కసారే ఎగబడ్డారు. రెండుసార్లూ కొన్ని నెలలకు సరుకు నిలకడగా రావడం మొదలై, ధర దారికొచ్చింది. మొదటి వారాల్లో అధిక ధర పెట్టినవాళ్లు కొన్నది కేవలం ఆ కొన్ని నెలలనే.

కాబట్టి మిగతా సామానంతా కొనేసి, 9800ఎక్స్3డీ పట్టే ఏఎం5 సాకెట్‌లోనే రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల చిన్న ప్రాసెసర్ బిగించండి. ఆరు కోర్లు, తెర మీద బొమ్మ చూపించేంత గ్రాఫిక్స్, ప్రాసెసర్ బాక్సులోనే హీట్‌సింక్ కూడా. పొట్టి పెట్టెలో ఆ హీట్‌సింక్ పట్టకపోతే మీరు కొన్నదే వాడండి. మొదటి రోజే బయోస్‌ను కొత్తదానికి మార్చుకోండి. రేపు పెద్ద చిప్ తెచ్చినప్పుడు బోర్డు దాన్ని గుర్తుపట్టలేదన్న బాధ ఉండదు. ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆపైనా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. తర్వాత ఆ 7600 చెల్లి కంప్యూటర్‌లోకో తమ్ముడి కంప్యూటర్‌లోకో వెళ్తుంది. చాలామంది దానితోనే పని జరిగిపోతోందని పెద్ద చిప్ కొనడమే మానేస్తారు, అదీ లాభమే.

మెమొరీకి మాత్రం ఈ ఓపిక పనికిరాదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి డీడీఆర్5 ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండుతో సామాన్య వినియోగదారులకు చేసే అమ్మకాలను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫ్యాక్టరీలే కొనుగోలుదారులను మార్చుకున్న చోట మనం ఎదురుచూసి గెలవలేం. చిన్న బోర్డులో మెమొరీ స్లాట్లు రెండే కాబట్టి, కావలసిన మెమొరీ జత మొదట్లోనే తీసుకోండి.

7. చవక ఊళ్లో కాదు, చుట్టాలున్న ఊళ్లో కొనండి

విసాపూర్‌కు నాగపూర్ దగ్గర, సికింద్రాబాద్ దూరం. అయినా మేనత్త ఇల్లు మారేడ్‌పల్లిలో ఉంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే వెళ్లండి, మనం సీటీసీ అనే చోటికి. బాబాయి నాగపూర్‌లో ఉంటే అక్కడే కొనండి. జీఎస్టీ ఎక్కడైనా 18 శాతమే. అయిదారు వందల తేడా ఒక్క వారంటీ ప్రయాణంతో సరి. చిప్ మార్పించాల్సి వస్తే దుకాణానికి పోయి అడిగే మనిషి ఆ ఊళ్లో ఉండాలి.

కొనేటప్పుడు సీలున్న బాక్స్ పీసే అడగండి. ఏఎండీ బాక్సు ప్రాసెసర్లకు మూడేళ్ల వారంటీ. బాక్సు లేకుండా విడిగా అమ్మే ట్రే పీసు చవకే, కానీ ఆ వారంటీ దానికి రాదు. బాక్సు పక్క కిటికీలోంచి చిప్ లోహపు మూత కనిపిస్తుంది. దాని మీద చెక్కిన పేరు, సీరియల్ నంబరు బాక్సు లేబుల్‌తో కలుస్తున్నాయో లేదో కౌంటర్ దగ్గరే సరిచూసుకోండి. బిల్లు మీదా అదే నంబరు రాయించుకోండి. దుకాణదారు విసుక్కుంటే చేతిలో డబ్బు ఉండగానే పక్క దుకాణానికి నడవండి.

8. పరీక్ష మే మధ్యాహ్నం రెండింటికి పెట్టండి

కొత్త కంప్యూటర్‌ను రాత్రి చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి అందరూ మురిసిపోతారు. మీరు ఎండ నెత్తికెక్కిన వేళ, కూలర్ ఆపేసి, తలుపు వేసి, అరగంట సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రాం నడపండి. పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ప్రాసెసర్ వేడి, వేగం రెండూ చూస్తూ ఉండండి. వేడి హద్దుకు తగిలి వేగం ఎగుడుదిగుడు అవుతుంటే వాట్ల హద్దు ఇంకో పది తగ్గించి మళ్లీ నడపండి. వేగం ఒక అంకె దగ్గర నిలకడగా నిలబడేదాకా ఇలాగే చేయండి.

ఆ అంకెనూ, ఆ వాట్ల హద్దునూ కాగితం మీద రాసి పెట్టె అడుగున అంటించండి. ప్రకటనల్లో ఉన్నది కంపెనీ చల్లని గదిలో సాధించిన వేగం. ఈ కాగితం మీదున్నది మీ ఇంట్లో, మీ ఎండలో, మీ డబ్బుకు నిజంగా వచ్చిన వేగం. పక్కింటి పిల్లవాడు రేపు తనకూ ఒకటి కట్టిపెట్టమని వస్తే, ముందు ఆ కాగితం చూపించండి.