బావమరిది పందిరి

తెలుగువాడికి క్యారవాన్ అంటే సినిమావాళ్ళ బండి. షూటింగు జరిగే చోట తలుపు మూసుకుని నిలబడి ఉంటుంది. ఏసీ గుర్రుమంటుంటుంది. లోపల హీరో మేకప్ వేసుకుంటున్నాడో నిద్రపోతున్నాడో తెలియక బయట జనం ఎండలో మాడిపోతూ ఆ తలుపు వైపే చూస్తుంటారు. అలాంటి బండిలో మామూలు మనుషులు కూడా వండుకు తిని పడుకోవచ్చునన్న సంగతి మన వైపు ఈమధ్యనే పాకింది. పాకి పాకి, కుప్పంలో ఉండే మా బావమరిదికి అంటుకుంది.

బెంగుళూరులో ఎవరో వదిలించుకుంటున్న టెంపో ట్రావెలర్ బండి అది. లోపల పరుపులు, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు. ఇవేవీ మావాడి కంటికి ఆనలేదు. బండి పక్కన, పైకప్పు అంచున చుట్టచుట్టుకుని ఉన్న గుడ్డను చూసి పడిపోయాడు. లాగితే పందిరి, వదిలితే చుట్ట. అమ్మినవాడు దాన్ని ఆనింగ్ అన్నాడట. మదనపల్లె నుంచి కుప్పం దాకా చూసిన ప్రతివాడూ షామియానా అనే అన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది.

వినడానికి దాని పనితనం చాలా సులువు. బండి అంచున అల్యూమినియం గాడి ఉంటుంది. గుడ్డ ఒక అంచుకు కుట్టిన తాడు ఆ గాడిలో దూరి కూర్చుంటుంది. రెండో అంచు ఒక పొడవాటి గొట్టానికి చుట్టుకుని ఉంటుంది. గొట్టం లోపల స్ప్రింగు, రెండు చివర్లా రెండు చేతులు. గుడ్డను లాగుతుంటే స్ప్రింగు బిగుసుకుంటుంది. కొక్కెం వదిలితే అదే గుడ్డను గబగబా చుట్టేసుకుంటుంది. చిక్కల్లా ఒక్కటే. గుడ్డ గొట్టానికి సరిగ్గా మూలమట్టంలో ఉండాలి. మొదటి చుట్టులో గోరంత తేడా వస్తే చివరి చుట్టుకు జానెడవుతుంది.

మావాడు దాన్ని మొదటిసారి విప్పింది హార్స్‌లీ హిల్స్ మీద. పందొమ్మిదో శతాబ్దంలో హార్స్‌లీ అనే దొర ఆ చల్లదనానికి మురిసి ఇల్లు కట్టుకోబట్టి ఆ పేరు వచ్చింది గానీ, అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. చిత్తూరు, కడప సీమలు మొత్తం మీద నీడ అక్కర్లేని చోటు ఏదైనా ఉందంటే అదే. కుప్పం నుంచి బండి తోలుకొచ్చి, మదనపల్లెలో మమ్మల్ని ఎక్కించుకుని, సరిగ్గా అక్కడ నీడ వేశాడు. అందరం స్వెటర్లు వేసుకుని ఆ నీడలో కూర్చున్నాం.

విప్పడం బాగానే విప్పింది. చుట్టేటప్పుడు మొండికేసింది. డ్రైవరు వైపు చేయి వచ్చి బండికి ఠక్కున అతుక్కుంది. వెనక వైపు చేయి మూరెడు దూరంలో ఆగిపోయి, ఎవరికో టాటా చెబుతున్నట్టు ఉండిపోయింది. మా ఆవిడ చీరల మూట కట్టి తెచ్చిన తాడు విప్పి, ఆ చేతిని బండికి కట్టి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ దిగాం. "అక్కా, ఏమీ కాలేదులే" అని ప్రతి మలుపు దగ్గరా మావాడు ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

మదనపల్లెలో బండి ఆపకూడని చోటంటూ ఉంటే అది టమోటా మార్కెట్టు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి గనక అక్కడ లారీలకు, లారీలకు పట్టలు కట్టేవాళ్ళకు, పట్టలు కట్టేవాళ్ళకు సలహాలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మావాడు సరిగ్గా గేటు పక్కనే ఆపాడు. నిమిషంలో చుట్టూ జనం.

"గుడ్డ సాగిపోయిండాది."

"స్ప్రింగు చచ్చిపోయిండాది సామీ. కొత్తది ఏపించు."

"ఆ చెయ్యి ఈ పక్కకు, ఈ చెయ్యి ఆ పక్కకు మార్చండప్పా, సరిపోతాది."

లారీ మీద నుంచి తాడు బిగిస్తున్న పెద్ద మనిషి అప్పటిదాకా ఏమీ అనలేదు. చివరి ముడి వేసి, కిందికి చూసి అన్నాడు: "పట్టకు స్ప్రింగు ఎందుకప్పా? తాడు చాలదా?"

ఆ ప్రశ్నకు ఈ పందిళ్ళు తయారుచేసేవాళ్ళ దగ్గర జవాబుందేమో నాకు తెలియదు. మావాడి దగ్గర మాత్రం లేదు. మాట మార్చడానికి టమోటాల ధర అడిగాడు. 2023 జులైలో ఇదే మార్కెట్టులో కిలో రెండు వందల దరిదాపుకు పోయిన సరుకు ఆ రోజు నేల మీద ఉంది. ధర నేల మీద ఉంటే మావాడు నిలవలేడు. క్రేట్లకు క్రేట్లు కొని బండి వెనక వైపు పేర్చాడు. ఈ క్రేట్ల సంగతి గుర్తుంచుకోండి.

అసలు వైద్యం నీరుగట్టువారిపల్లెలో జరిగింది. మదనపల్లె పట్టుచీరలంటే ఆ వీధులే. మా ఆవిడకు చీరలు నేసిచ్చే పెద్దాయన ఒకరు అక్కడ ఉన్నారు. ఆయన మగ్గం దిగి వచ్చి, బండిని చూడలేదు, చేతుల్ని చూడలేదు, తిన్నగా గొట్టం చివరికి పోయి చుట్టకేసి చూశాడు. ఒక వైపు అంచులన్నీ ఒకదాని మీద ఒకటి సాపుగా కూర్చున్నాయి. రెండో వైపు మెట్లు మెట్లుగా బయటికి వచ్చి ఉన్నాయి.

"గుడ్డది నేరం కాదు సార్. ఎక్కించినోడిది."

నేసిన బట్ట కర్రకు చుట్టుకోవడం పుట్టినప్పటి నుంచి చూస్తున్న కన్ను అది. ఇంచు తేడా వస్తే చీర అంచు వంకర పోతుంది, అంచు వంకర పోతే కొనేవాడు పోతాడు. బండికి పందిరి ఎక్కించేవాడికి ఆ భయం ఉండదు.

మొత్తం విప్పించాడు. గాడి పొడుగునా వేలు పోనిచ్చి, చివర ఆగాడు. గుడ్డ గాడిలో రెండు వేళ్ళ వెడల్పు ముందుకు జారి ఉంది. జారకుండా పట్టి ఉంచాల్సిన స్క్రూ లేదు, దాని బెజ్జం మాత్రం ఉంది. ఈలోగా మావాడు ఉత్సాహం పట్టలేక స్క్రూడ్రైవరు తీసుకుని గొట్టం మూత విప్పబోయాడు. పెద్దాయన వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"లోపల స్ప్రింగు ఉందన్నావు కదప్పా. ముందు దాన్ని కదలకుండా కట్టెయ్. లేకుంటే నీ చెయ్యి చుట్టుకుంటాది."

నిజమే. ఈ పందిళ్ళతో పెట్టుకున్నవాళ్ళలో దెబ్బలు తగిలించుకునేది ఆ మూత దగ్గరే. బిగిసిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే వేళ్ళు మిగలవు. అందుకే మేకు దూర్చి గొట్టాన్ని ఆపేందుకు అక్కడ ఒక బెజ్జం ఉంటుంది. మేం మూత జోలికే పోలేదు. గాడిలో కొవ్వొత్తి రుద్ది, ఇద్దరం ఈ వైపు లాగి, ఒకరు ఆ వైపు తోసి, గుడ్డను దాని స్థానానికి తెచ్చి, కొత్త స్క్రూ బిగించాం. చుట్టి చూస్తే మెట్లు పోయాయి. వెనక చేయి మాత్రం ఇంకా బెత్తెడు వెనకే.

"అమ్మా, ఒక గుడ్డ పీలిక ఉందా?" అన్నాడు పెద్దాయన.

మా ఆవిడ సంచిలో ఒక రవికె గుడ్డ ఉంది. శ్రావణమాసం నోముల్లో తాంబూలంతో పాటు ఇంటింటికీ తిరిగి, ఎవరూ కుట్టించుకోక, చేతులు మారుతూ వస్తున్న రవికె గుడ్డ. మెరూన్ రంగు. పెద్దాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, వెనక వైపు గొట్టం మీద గుడ్డ కింద పరిచాడు. అటువైపు గొట్టం ఆ మేరకు లావెక్కింది. లావెక్కిన వైపు ఒక్కో చుట్టుకు కాస్త ఎక్కువ గుడ్డ మింగుతుంది, వెనకబడ్డది ముందుకొస్తుంది. పడుగు చుట్టేటప్పుడు వదులైన చోట కాగితమో పుల్లో పెడతారే, అదే విద్య. ఈసారి రెండు చేతులూ కలిసి వచ్చి బండికి ఆనుకున్నాయి. ఆ రవికె గుడ్డ చేసిన తొలి ఉపకారం ఇది.

గుడ్డ పందిరి మహా గర్వం గల వస్తువు. దాన్ని నడపడం మామూలు పని కాదని రోమన్లకు కూడా తెలుసు. వాళ్ళ కొలోసియం మీద పరిచే పరదాలను లాగడానికి నౌకాదళం నుంచి నావికులను పిలిపించేవారు. తాళ్ళూ తెరచాపలూ తెలిసినవాళ్ళు వాళ్ళే కదా. కొలోసియం కట్టకముందే ఏలిన కలిగులా అనే చక్రవర్తి మరీ ఘనుడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు పరదాలు తీయించి, ఎవరూ లేచి పోకూడదని ఆజ్ఞ వేసేవాడట. మా ఇంట్లో పెళ్ళి భోజనాలప్పుడు ఫ్యాన్లు ఆపే ఎలక్ట్రీషియన్ ఒకడుండేవాడు. ఎక్కడో వాడి వంశం కలుస్తుంది.

అక్కడి నుంచి కుప్పం బయల్దేరాం. దారిలో పుంగనూరులో వాన. పుంగనూరు ఆవు చూపిస్తానని మావాడు బండి ఆపి పందిరి వేశాడు. ఆ ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, చక్కగా పందిరి కింద నిలబడుతుందని వాడి ఊహ. ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంట్లో ఉన్నాయి, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. పుంగనూరు వీధిలో మాత్రం మాకు ఒక్కటీ తగల్లేదు. తగిలింది నీళ్ళే. పందిరి అంత ముచ్చటగా మట్టంగా ఉందేమో, వాననీళ్ళు దిగే దారి లేక నడిమధ్యన కుండలా నిలిచాయి. అంత పాటుపడి సరిచేసిన దాన్ని వానొస్తే ఒక మూల కావాలని వంచాలట. ఈ ముక్క పక్కనే టీ కొట్టులో ఉన్న కుర్రాడు చెప్పాడు. చెప్పేలోపు ఆ కుండ మా నెత్తిన పడింది.

కుప్పం చేరాక ఇంటి ముందు విప్పితే పందిరి మళ్ళీ వంకర. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. అందుకని సలహాలు తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ వచ్చాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడెందుకు పెట్టారో ఆ సాయంత్రం నాకు అర్థమైంది. అందరిదీ ఒకటే మాట, నేతాయన పని చెడగొట్టాడని.

ఎదురింట్లో గ్రానైటు ఫ్యాక్టరీలో పలకలు కోసే అతను ఉన్నాడు. టేపు తెచ్చి, ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి, ఆ మూల నుంచి ఈ మూలకు ఒకసారి పట్టి చూశాడు. రెండు కొలతలూ ఒకటే. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి, ఐమూల కొలతలు కలిస్తే పలక మూలమట్టంలో ఉన్నట్టే, అది రాయైనా గుడ్డైనా. తర్వాత రసమట్టం తెచ్చి పందిరికి కాక బండి గడప మీద పెట్టాడు. బుడగ పోయి ఒక చివర కూర్చుంది.

"సార్, పందిరి నేరుగా ఉండాది. బండే వాలిపోయిండాది. ఎనకాల ఏముండాది?"

వెనకాల మదనపల్లె ఉంది, క్రేట్ల లెక్కన. అన్నీ ఒకే పక్కన.

క్రేట్లు దించి అరుగు మీద పేర్చాం. బండి లేచింది, పందిరి సరిగ్గా నిలిచింది. మావాడు దాని కింద కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకున్నాడు. అప్పుడు పక్కవీధి పెద్దావిడ ఒకరు వచ్చి పందిరిని నాలుగు వైపులా చూసి, గుడ్డ పట్టుకుని పరీక్షించి, నేరుగా మా ఆవిడనే అడిగారు.

"అమ్మా, బుధవారం మా మనవరాలికి పేరు పెడతా ఉండాము. టెంట్ హౌసోడు చాలా అడుగుతా ఉండాడు. మీ షామియానా బాడుగెంత?"

మావాడు కుర్చీలోంచి లేచాడు. ఇది ఆనింగని, బండితో పాటు వస్తుందని చెప్పబోయాడు. మా ఆవిడ వాణ్ణి కూర్చోమని సైగ చేసింది. అరుగు మీది క్రేట్ల వైపు ఒకసారి చూసి, "ఎంతమందికి వంట?" అని అడిగింది.

"నూరు మందికి."

"అయితే షామియానా ఊరికే ఇస్తాం. టమోటాలు మాత్రం మా దగ్గరే కొనాల" అంది మా ఆవిడ.