పాఠం చెప్పింది నేనే, విననిదీ నేనే

జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతికినదాన్ని. మొక్కల గురించి నాకు ఒకరు చెప్పాలా అన్న ధీమా ఉండేది. ఆ ధీమాకి ఎంత ఖర్చయిందో మా బెజవాడ ఫ్లాటు బాల్కనీలో వరసగా బోర్లించిన పింగాణీ కప్పుల్ని చూస్తే తెలుస్తుంది. వాటిలో కొన్నాళ్లు ఎచివేరియాలు ఉండేవి. చుట్టూ పొందికగా పేర్చినట్టుండే దళసరి ఆకులు, నీలం కలిసిన బూడిద రంగు, అంచుల్లో పలచటి గులాబీ. ఫోన్లో ఎవరి బాల్కనీ ఫొటో చూసినా అవే కనిపించేవి. నా బాల్కనీకి ఏం తక్కువ అనుకున్నాను.

కొన్నది కడియంలో. రాజమండ్రికి కొంచెం ఇవతల, కడియపులంక దగ్గర రోడ్డుకి రెండువైపులా నర్సరీలే. గోదావరి ఒండ్రుమట్టి చలవవల్ల అక్కడ పెరగని మొక్క లేదని మన నమ్మకం. నేను ట్రే నిండా ఎచివేరియాలు ఏరుకుంటుంటే నర్సరీ అతను నెమ్మదిగా అన్నాడు: "అయ్యి ఇక్కడ పుట్టినవి కాదండీ. చల్లటి ఊళ్లనించి తెప్పిస్తామండీ. మీ బెజవాడలో ఎండాకాలం దాటవండీ. ఎడీనియం పట్టికెళ్లండి, నీళ్లు పోయడం మర్చిపోయినా బతికేస్తుందండి."

సరుకు అమ్ముకునేవాడు తన సరుకే వద్దంటున్నాడంటే, బుద్ధున్నవాళ్లెవరైనా ఒక్క క్షణం ఆగుతారు. నేను నవ్వాను. "ఎడారి మొక్కలకి ఎండ ఒక లెక్కా?" అన్నాను. పైగా నేనేం పాఠం చెప్తానో కూడా చెప్పాను. "ఆయ్, మీకు తెలీనిదేముందండీ," అని ట్రే ప్యాక్ చేసి ఇచ్చాడు. ఆ మర్యాద వెనక ఎంత జాలి ఉందో అప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చాక చేసిన ఘనకార్యాలు క్లుప్తంగా చెప్తాను. కప్పులకి అడుగున చిల్లు లేదు. చిల్లు పెడితే అందం పోతుందని అలాగే ఉంచాను. మట్టిలో పశువుల ఎరువు ధారాళంగా కలిపి, పైన తెల్ల గులకరాళ్లు పరిచి, రోజూ పొద్దున్నే స్ప్రే కొట్టాను. ఆకులమీద తెల్లటి పొడి కనబడితే దుమ్మనుకుని తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచాను. అది దుమ్ము కాదు, మైనం. ఎండనించి తనను కాపాడుకోడానికి మొక్క వేసుకున్న పూత. ఒకసారి తుడిస్తే ఆ ఆకుమీదికి మళ్లీ రాదు. మొక్క ఒంటిమీది గొడుగు నా చేత్తోనే తీసేసి, "అబ్బ, ఎంత మెరుస్తోందో" అని మురిసిపోయాను.

వాటితోపాటు ఒక కాక్టస్ కూడా తెచ్చాను, నెత్తిమీద పసుపుపచ్చ పువ్వుతో. ఆ పువ్వు నెలలు గడిచినా వాడలేదు. వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఒకరోజు మా ఆయన వేలితో గోకి చూసి, "ఇదేమిటే, జిగురుతో అంటించారు!" అన్నారు. కాగితంలా ఎండిన పువ్వును వేడి జిగురుతో అతికించి అమ్మడం ఆ వ్యాపారంలో మామూలేనట. పువ్వు భాగాలు బోర్డుమీద గీసి పేర్లు రాయించేదాన్ని నేను! పక్కనే ఉన్న ఎర్రటి మూన్ కాక్టస్ సంగతి వేరే. ఆ ఎర్రగుండులో పత్రహరితమే ఉండదు, సొంతంగా ఆహారం చేసుకోలేదు. సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండంమీద అంటుకట్టి దాన్ని బతికిస్తారు. కింది కాండం కుళ్లితే పైదీ పోతుంది. పోయింది.

మే వచ్చింది. బెజవాడలో మే అంటే పగలు 40 దాటడం మామూలే. అసలు బాధ రాత్రిది: అర్ధరాత్రికి కూడా 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎచివేరియాల కింది ఆకులు నీరుకారి జారిపోయాయి. దాహంతో ఉన్నాయనుకుని మరిన్ని నీళ్లు పోశాను. మొదళ్లు నల్లబడి, ముట్టుకుంటే తలలు చేతిలోకొచ్చాయి.

నేను ఏళ్ల తరబడి బోర్డుమీద రాసిన పాఠం ఇదే. ఈ జాతి మొక్కలు పగలు నీరు ఆవిరైపోతుందని పత్రరంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి, కార్బన్ డయాక్సైడ్ తీసుకుని మాలిక్ ఆమ్లంగా దాచుకుంటాయి. తెల్లారాక ఆ నిలవతో పిండిపదార్థం తయారుచేసుకుంటాయి. ఈ పద్ధతికి క్రాసులేసి కుటుంబం పేరే పెట్టారు. మన రణపాల ఆ కుటుంబానిదే, ఎచివేరియా కూడా. రణపాల ఆకు పొద్దున్న పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని బెంజమిన్ హైన్ రాసిన ఉత్తరం 1815లో లండన్ లినియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఈయన ఎవరో కాదు, 1793లో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి తోట బాధ్యత తీసుకున్న వృక్షశాస్త్రవేత్త. రెండు శతాబ్దాల కిందట ఆయన ఆకు నమిలి కనిపెట్టిన సంగతిని నేను మార్కులకోసం బట్టీ పట్టించాను, నమిలి చూడలేదు.

ఎచివేరియాలు ఎక్కువభాగం మెక్సికో కొండలవి. ఎత్తైన చోట, రాతి సందుల్లో, చల్లటి రాత్రుల్లో పెరుగుతాయి. దళసరి ఆకు చూసి నేను ఎడారి అనుకున్నాను. రాత్రి చల్లబడకపోతే వాటి పత్రరంధ్రాలు సరిగ్గా తెరుచుకోవు, దాచుకున్నది ఖర్చయిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఆగిపోయిన మొక్కకి నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి. ఒకసారి క్లాసులో వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, రాత్రి కూడా ఉక్కగా ఉంటే అవేం చేస్తాయి?" అని అడిగింది. "అది పరీక్షలో రాదు, కూర్చో," అన్నాను. నాకు వచ్చింది ఆ ప్రశ్నే.

ఇప్పుడు మా బాల్కనీలో ఎండ పడే చోట ఎడీనియం ఉంది. దాని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా, అరేబియా. మన వేడి దానికి కొత్తకాదు. దాని రసం విషం కాబట్టి పిల్లలకి అందకుండా పెట్టాను. గడ్డిరోజాలు, నల్లేరు ఎండని లెక్కచేయవు. నీడ పట్టున హవోర్తియా, స్నేక్ ప్లాంటు. అన్నీ చిల్లున్న మట్టికుండీల్లోనే. సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కాల్చిన ఊక, ఎరువు పిడికెడు. వేలు లోపలికి గుచ్చితే పూర్తిగా పొడిగా తగిలినప్పుడే నీళ్లు.

మీరూ కొనబోతుంటే, మొక్క ఎంత ఎండ తట్టుకుంటుందని అడిగి ఊరుకోకండి, దాని సొంతూళ్లో రాత్రులు ఎలా ఉంటాయో అడగండి. బెంగళూరులోనో ఊటీలోనో ఉన్నవాళ్లు నిక్షేపంగా ఎచివేరియాలు పెంచుకోవచ్చు. బెజవాడ, గుంటూరు, ఏలూరువాళ్లు ఆ డబ్బుతో ఎడీనియం కొనుక్కోవడం మంచిది. నర్సరీవాడు వద్దన్న మొక్కని మాత్రం, మీరు ఎంత చదువుకున్నా సరే, కొనకండి.