ఫోను అమ్మాయికివ్వండి

2024లో ఆగస్టు 15 గురువారం పడింది. బ్రిటన్‌లో ఏ-లెవెల్, అంటే అక్కడి ఇంటర్, ఫలితాలిచ్చేదీ ఆగస్టు నడుమ ఓ గురువారమే. రెండూ ఒకే పూట కలిసి రావడంతో మా తమ్ముడు, అంటే మా బాబాయి కొడుకు, చొక్కాకి మువ్వన్నెల జెండా గుచ్చుకుని కూతురి విషయంలో తెల్లవాడి తీర్పు కోసం ల్యాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉండేది రెడింగ్‌లో. రాసేది ‘రీడింగ్’ అని, పలికేది రెడింగ్ అని. చదువనేది పలికేదాకా వస్తుందో రాదో తెలియని ఊళ్లో ఇల్లు కొన్నానని అప్పుడప్పుడూ నాతో వాపోతుంటాడు. నేను చుట్టపుచూపుగా వెళ్లి ఈ సంబరంలో ఇరుక్కున్నాను.

ఉదయం ఎనిమిది దాటాక యూకాస్ కబురొచ్చింది. చెల్టెనామ్‌లో కూర్చుని దేశం మొత్తానికీ డిగ్రీ దరఖాస్తులు చూసే సంస్థ అది. ఐదు కోర్సులు అడగొచ్చు. వచ్చిన ఆఫర్లలో ఒకటి ఖాయం చేసుకుని, ఇంకొకటి ‘ఇన్సూరెన్స్’ పేరుతో అట్టేపెట్టుకోవాలి. మా అమ్మాయి ఖాయం చేసుకున్న చోట మూడు ఏ గ్రేడులు అడిగారు. ఇన్సూరెన్స్ చోట రెండు ఏలు, ఒక బీ. వచ్చినవేమో రెండు బీలు, ఒక ఏ.

“ఆ ఏ ఎందులోనమ్మా?” అన్నాడు మా తమ్ముడు, మునిగేవాడు గడ్డిపోచ కోసం చూసినట్టు.

“జాగ్రఫీలో, నాన్నా.”

జెండా పిన్ను తీసి బల్లమీద పెట్టేశాడు.

‘నువ్వు క్లియరింగ్‌లో ఉన్నావు’ అని తెరమీద పడింది, కింద ఒక నంబరు. ఖైదీకిచ్చినట్టు నంబరేమిటని వాడి బాధ. “క్లియరింగ్ అంటే ఏంటి బావగారూ, ఆషాఢం తగ్గింపులాంటిదా?” అంది మా మరదలు వంటింట్లోంచి. ఈ విషయం మీద బ్రిటిష్ పత్రికల్లో వచ్చినవి చాలా చదివానుగానీ, ఇంత సూటైన నిర్వచనం ఎక్కడా తగల్లేదు. క్లియరింగ్ తలుపులు జూలై మొదటి వారంలో తెరుస్తారు. ఆ ఏడు మన ఆషాఢమూ అప్పుడే మొదలైంది. మిగిలిన సరుకు, మిగిలిన జనం ఒకరినొకరు వెతుక్కునే సంత అది. తేడా అల్లా, ఇక్కడ సరుకు వంద తగ్గితే తగ్గొచ్చు, అక్కడ పైసా తగ్గదు. అప్పట్లో ఏడాదికి 9,250 పౌండ్లు.

ఆ అంకెలోనే ఉంది మర్మమంతా. ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయం ఎందరిని చేర్చుకోవాలో ఒకప్పుడు ప్రభుత్వం లెక్కగట్టి ఇచ్చేది. 2015లో ఆ కట్టు తెంచేశారు. ఎన్ని తలలైతే అన్ని ఫీజులు. ఆ ఫీజేమో 2017 నుంచి అప్పటిదాకా అక్కడే గడ్డకట్టుకుని ఉంది, ధరలు పెరిగి దాని విలువ మాత్రం కరుగుతూనే వచ్చింది వాళ్ల జేబుల్లో. ఖాళీ కుర్చీ అంటే మూడేళ్ల రాబడి గోవిందా. అందుకని పేరుమోసిన విశ్వవిద్యాలయాలు కూడా ఆగస్టులో కాల్‌సెంటర్లు తెరిచి, తమ విద్యార్థులకే రంగు టీషర్టులు తొడిగి ఫోన్ల దగ్గర కూర్చోబెడతాయి. మన ఇంటర్ కాలేజీ పీఆర్వో ఎండల్లో ఇంటింటికీ తిరుగుతాడు, పాపం. అక్కడి పీఆర్వో పోస్టరై బస్సుకి అంటుకుని ఊరంతా తిరుగుతాడు. ఈ సంతలో కొట్టు పెట్టనివి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి కొన్నే. వాళ్ల బేరం ముందే అయిపోతుంది.

ఇంత బేరం నడుస్తున్నా, సిగ్గుతో చచ్చిపోయింది మాత్రం కొనుక్కోవడానికి వచ్చిన మా తమ్ముడు. కర్టెన్లు మూశాడు. గుంటూరు నుంచి వస్తున్న ఫోన్లు ఎత్తవద్దన్నాడు.

గాయం మీద కారం చల్లింది పక్కింటి కుర్రాడు. మా అమ్మాయి అంతకుముందు సెప్టెంబరు నుంచీ పర్సనల్ స్టేట్‌మెంట్ అనే నాలుగు వేల అక్షరాల తపస్సు చేసింది. అందులో ‘చిన్ననాటి నుంచీ కంప్యూటర్లంటే ప్రాణం’ అన్న భాగం వాళ్ల నాన్నే పదకొండుసార్లు తిరగరాశాడు. పక్కింటివాడు జనవరి గడువు దాటించాడు, జూన్ 30 కూడా దాటించాడు. పబ్బులో గ్లాసులు కడిగి, ఆ డబ్బుతో స్పెయిన్ చూసొచ్చి, తీరిగ్గా దరఖాస్తు పెట్టాడు. జూన్ 30 సాయంత్రం దాటితే దరఖాస్తు నేరుగా క్లియరింగ్‌లోకే పోతుంది. అంటే తపస్సు చేసిన పిల్లా, గ్లాసులు కడిగిన పిల్లాడూ ఇప్పుడు ఒకే వరసలో ఉన్నారు. పైగా వాడు ముందున్నాడు. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఈ దేశానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, ఫోను చేయాలి. మా తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. కాగితం మీద పన్నెండు విశ్వవిద్యాలయాల పేర్లు, అన్నిటికీ ఎదురుగా కంప్యూటర్ సైన్స్. పావుగంట సంగీతం విన్నాక ఓ పడుచు గొంతు పలికింది. వీడు ఊరు, పేరు, ఉద్యోగం, ఇంట్లో గదుల సంఖ్య తప్ప అన్నీ చెప్పుకున్నాడు. ఆ గొంతు ఎంతో మర్యాదగా అంది: “దయచేసి ఫోను అమ్మాయికివ్వండి.”

“నేను తండ్రిని.”

“సంతోషమండీ. అమ్మాయికివ్వండి.”

ఈ దెబ్బ గ్రేడుల దెబ్బకన్నా గట్టిగా తగిలింది. మన దగ్గర ఇలాంటి అమర్యాద జరుగుతుందా? మా తమ్ముడు ఎంసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్లినప్పుడు హాల్లో మా బాబాయి ముందు నడిచాడు, వీడు సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని వెనక నడిచాడు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది ఇంటికొచ్చాక అమ్మతోపాటు వీడికీ తెలిసింది. ఇప్పుడు ఎంసెట్ పోయి ఈఏపీసెట్ వచ్చింది, హాలు పోయి వెబ్ ఆప్షన్లు వచ్చాయి. అర్ధరాత్రి నెట్ సెంటర్లో నాన్న, మేనమామ, నాన్న స్నేహితుడి స్నేహితుడు కూర్చుని రెండొందల ఆప్షన్లు కొడతారు. అభ్యర్థి ఇంటి దగ్గర నిద్రపోతుంటాడు. మర్నాడు పరీక్ష ఉన్నవాడిలా వాణ్ణి లేపకూడదు కూడా.

అమ్మాయి ఫోను తీసుకుని తన గదిలోకెళ్లి తలుపేసుకుంది. మేం ముగ్గురం తలుపుకి చెవులానించాం. నా వయసుకి తగని పనే. లోపల్నుంచి ఇంగ్లీషు గలగలా వినిపిస్తోంది. మా తమ్ముడి ముఖం మొదట వెలిగింది, తర్వాత సందేహంలో పడింది, ఆపైన నల్లబడింది.

“అన్నయ్యా, అది నదుల గురించి మాట్లాడుతోంది.”

నిజమే. నదులు, వరదలు, కోతకు గురవుతున్న తీరాలు. పద్దెనిమిదేళ్లలో ఆ పిల్ల అంతసేపు ఏకబిగిన మాట్లాడగా మేం వినలేదు, మాతో మాట్లాడితేగా. పదకొండు గంటలకల్లా మూడు చోట్ల నోటిమాట ఆఫర్లు తెచ్చుకుంది, మూడూ జాగ్రఫీలోనే. నోటిమాటలు ఎన్నైనా పోగేసుకోవచ్చు, యూకాస్‌లో మాత్రం ఒకేసారి ఒక్కటే చేర్చాలి. ఆ మీటా మధ్యాహ్నందాకా పనిచేయదు. చేతిలో మూడు ఆఫర్లుండి బేరమాడకపోతే తెలుగువాడి జన్మెందుకని మా తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. “ఫీజులో ఏమైనా చూస్తారేమో అడగమ్మా” అన్నాడు. అమ్మాయి చూసిన చూపు నేను చెప్పను.

సాయంత్రానికి చుట్టాల వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది. ‘ఇంగ్లండులోని ఓ గొప్ప విశ్వవిద్యాలయం మా అమ్మాయితో ఫోన్లో స్వయంగా మాట్లాడి, ఆమె ప్రతిభకు ముగ్ధమై, అక్కడికక్కడే సీటిచ్చింది. కోర్సు: ఎర్త్ అండ్ డేటా.’ ఆ కోర్సు పేరు వాడిదే. మిగతాదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు. నలభై మూడు నమస్కారాలు, పదిహేడు కేకులు వచ్చాయి.

క్లియరింగ్ అక్టోబరు దాకా తెరిచే ఉంటుంది. నేను తిరుగు విమానం ఎక్కేనాటికి అమ్మాయి హాస్టలుకి దుప్పట్లు కూడా కొనుక్కుంది. మా తమ్ముడు మాత్రం రాత్రిళ్లు యూకాస్ తెరిచి చూస్తూనే ఉన్నాడు, కంప్యూటర్ సైన్స్‌లో ఎక్కడైనా ఒక సీటు మిగిలిందేమోనని.