లేజర్ టోపీ

1967లో బుడాపెస్ట్‌లో డాక్టర్ ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపు గొరిగి లేజర్ పట్టారు. క్యాన్సర్ వస్తుందేమోనని చూస్తే బొచ్చు మరింత త్వరగా మొలిచింది!

నలభై ఏళ్లకు, 2007లో, జుట్టు పెరగడానికి లేజర్ దువ్వెన అమ్ముకోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ అంది. దువ్వుకోవడానికి జుట్టేదని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు టోపీలొచ్చాయి. వారానికి పలుసార్లు, నెలల తరబడి, నెత్తిన ఎర్రదీపాలతో హాల్లో కూర్చోవాలి. (పిల్లలు నవ్వితే అది వేరే ఖర్చు.) మానేస్తే మొలిచిందీ రాలుతుంది.

కుదుళ్లు బతికున్న పలచ జుట్టుకే ఎంతో కొంత ఫలితం. నున్నటి గుండుకు సున్నా. జుట్టున్నమ్మకే కొప్పు, జుట్టున్నాయనకే లేజరు!

కొనేముందు ఓసారి తల తడుముకోండి. చెయ్యి నున్నగా జారిందా... టోపీ మీరు పెట్టుకోనక్కర్లేదు, వాళ్లే పెడతారు.