శ్రీ సూర్యనారాయణమూర్తి వారికి ఒక కోనసీమ గృహస్థుని బహిరంగ లేఖ

కొత్తపేట మండలము,
రోహిణీకార్తె, నాల్గవ దినము.

సప్తాశ్వరథారూఢులును, లోకసాక్షులును, సెలవుదినమన్నది యెరుగని ఏకైక అధికారులును అగు శ్రీ సూర్యనారాయణమూర్తి వారి దివ్యసముఖమునకు —

విషయము: ఎండ తగ్గింపు కోరుచు లోగడ చేసికొనిన విన్నపమును గూర్చి.

అయ్యా,

మీకును మా కుటుంబమునకును గల సంబంధము ఈనాటిది కాదు. రథసప్తమినాడు జిల్లేడాకులు నెత్తిన పెట్టుకొని స్నానమాడి, చిక్కుడుకాయలతో మీకు రథము కట్టి, పిడకలమీద పాలు పొంగించి పరమాన్నము వండి, చిక్కుడాకులలో మీకు నివేదించినగాని నోట మెతుకు పెట్టని వంశము మాది. ద్రాక్షారామమున భీమేశ్వరునకు తొలిపూజ చేసినవారు మీరేయని మా పెద్దలు చెప్పుదురు. గొల్లలమామిడాడలో మీకు కోవెలయు కలదు. అంతియకాదు, మీ కుమారులగు శనైశ్చరులవారు మాకు పొరుగుననే, మందపల్లిలో, నువ్వులనూనె అభిషేకము లందుచు సుఖముగా నున్నారు. మీ తండ్రీకొడుకులకు పొసగదని జ్యోతిష్కులందురు గనుక ఈ లేఖను వారి ద్వారా పంపక, నేరుగా, నలుగురు చూచునట్లు వ్రాయుచున్నాను.

భాగ్యనగరమున ఉద్యోగము చేసికొను నేను, పిల్లల పరీక్షలు ముగియగానే రాజమహేంద్రవరమున రైలు దిగి, గౌతమి వంతెన దాటి, రావులపాలెపు అరటిగెలలను చూచుచు మా అమ్మ యింటికి చేరుట ఏటేటి ఆచారము. ఈ ఏడు, ఎనిమిదేండ్ల కొడుకునకును ఐదేండ్ల కూతురునకును తాతముత్తాతల సీమ నంతయు చూపవలెనను ఉత్సాహము పుట్టి ఒక యాత్రాపట్టిక వ్రాసితిని: అయినవిల్లి విఘ్నేశ్వరుడు, అప్పనపల్లి బాలబాలాజీ, ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి. దేవతలందరి పేర్లును వ్రాసి, మీ పేరు మాత్రము మరచితిని. ఆ లోపమును మీరు త్వరలోనే సవరించితిరి.

అంతర్వేదిలో దర్శనమైన పిదప, వశిష్ఠ సముద్రమున గలియు అన్నాచెల్లెళ్ళగట్టును చూపెదనని పిల్లలను ఇసుకమీద నడిపించితిని. నదీజలమునకును సాగరజలమునకును గల వర్ణభేదమును నేను సావధానముగా వ్యాఖ్యానించుచుండగా, మా అమ్మాయి “నాన్నా, ఇసుక కరుస్తోంది” అని గొల్లుమన్నది. చెప్పులు గుడివద్ద విడిపించి తెచ్చిన బుద్ధిమంతుడను నేనే. చెరియొక చంకను ఒకరిని ఎత్తుకొని, సరుగుడుచెట్ల నీడకు పరుగిడి, మీవంక కన్నెత్తి చూడజాలక కన్నులు మూసికొనియే ఆ విన్నపము చేసితిని.

దానికి పూర్వోదాహరణము లేకపోలేదు. మీ సతి సంజ్ఞాదేవి మీ తేజస్సునకు తాళలేక, తన నీడయగు ఛాయను మీ యింట నిలిపి వెడలిపోగా, మామగారగు విశ్వకర్మ మిమ్ము సానబట్టి మీ తేజమున ఎనిమిదవ పాలు తగ్గించెనని పురాణములు ఘోషించుచున్నవి. ఇల్లాలి కొరకు ఆ మాత్రము తగ్గినవారు ఐదేండ్ల పసిదాని కొరకు తగ్గరాదా అని నా వాదము. మా ఊళ్ళలోని వృద్ధులును ఛాయాదేవి శరణుజొచ్చినవారే; కొబ్బరినీడ జరిగినకొలదియు వారు మంచమును జరుపుకొనుచు పగలు వెళ్ళబుచ్చుదురు.

ఇక నీటి సంగతి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్ట ముగించినది మొదలు ఈ సీమ కాలువల చలువనే బ్రతుకుచున్నదని పిల్లలకు రైలులోనే బోధించి, కాలువలో ఈత నేర్పుదునని మాటయు ఇచ్చితిని. బడులు మూసిన నెలలలోనే మరమ్మతులకై కాలువలును కట్టివేయుదురను సంగతి, ఇచ్చటనే పుట్టి పెరిగియు, నాకు తోచకపోయెను. పి.గన్నవరమున వైనతేయమీదుగా కాలువను దాటించు అక్విడక్టును చూపి, “ఇది నదిమీద నడిచే నది” అని నేను గర్వముగా చెప్పగా, మావాడు తొంగిచూచి, “నీళ్ళేవి నాన్నా?” అనెను. అప్పుడు రెండవమారు మీకు మనవి చేసికొంటిని.

మీ కార్యాలయమున అర్జీలు ఇంత త్వరగా పరిష్కారమగునని నేను తలపలేదు. మరునాడే, ముక్తేశ్వరపు రేవునుండి కోటిపల్లికి పంటుమీద గౌతమిని దాటుచుండగా, పడమట మబ్బు పట్టినది. నడిగోదావరికి వచ్చుసరికి చినుకులు, ఆపై జడివాన. మోటారు సైకిళ్ళును, కొబ్బరికాయల బస్తాలును, మనుష్యులును ఒక్కతీరున తడిసితిమి. నేను గొడుగు విప్పబోగా మా అమ్మాయి నా చేయి పట్టుకొని ఆపి, ఆకాశమువంక నోరు తెరచి నిలిచినది.

తడిసి, మురిసి, మీకు నమస్కరించుచు ఇల్లు చేరితిమి. అరుగుమీద మా అమ్మ తలపట్టుకొని కూర్చున్నది, ఎదుట తాండ్రచాప.

“ఆరు పొరలు పోశాన్రా అబ్బాయ్, రోజుకో పొర! ఎక్కడి వానరా ఇది? ఏ మహానుభావుడు కోరుకున్నాడో!”

ఆ మహానుభావుడు మౌనము వహించెను.

ప్రభూ, తాండ్ర యన్నది అంగడిలో కొనుక్కొని తినువారికి తెలియకపోవచ్చునుగాని మీకు తెలియనిది కాదు. రసాలు పిండి, పీచు వడగట్టి, పంచదార కలిపి, చాపమీద పలుచగా పోసి, అది మీ యెదుట ఎండినగాని రెండవ పొర పోయుటకు వీలులేదు. మీకు వెరచి మేము చెట్టునీడలకు పరుగిడిన ప్రతిదినమును మా అమ్మ మీకై ఎదురుచూచినది. అంతర్వేదిలో నా బిడ్డ పాదములను కాల్చిన ఎండయే మా డాబామీద మూడవ పొరను ఆరబెట్టినది. ఒకే యింటినుండి, ఒకే దినమున, ఒకే బిడ్డల నిమిత్తము, కాయుమని ఒకరును మానుమని ఒకరును కోరుచుండగా మీరు మాత్రము ఏమి చేయుదురు?

వానకు చెడిన పైపొరను ఆమె గీకి పారవేసినది. మీరును దయతలచి మరునాటినుండి రోళ్ళు పగులునట్లు కాసితిరి. నిన్న, ప్రయాణపు మూటలు కట్టుచు, తాండ్ర అంచు కోసి పిల్లల చేతులలో పెట్టినది. మావాడు పొరలు లెక్కించి, “ఇది అంతర్వేదిది, ఇది గన్నవరంది” అని పేర్లు పెట్టుచుండగా, చెల్లెలు అడిగినది:

“పంటెక్కిన రోజుది ఏది మామ్మా?”

“అది వానలో పోయిందమ్మా.”

పిల్లది వ్రేలితో అంచును మరియొకమారు తడవి చూచినది.

కావున నా విన్నపమును ఉపసంహరించుకొనుచున్నాను. వచ్చు వేసవులయందు తాము యథాప్రకారము, తేజమున వీసమెత్తు తగ్గింపక, ప్రకాశింతురుగాక. అయితే పొరల లెక్కలోనికి రాని దినము ఏటికొక్కటి, మేము పంటుమీద నుండు వేళ చూచి, ఒక పూట ముందుగా మా అమ్మకు తెలియజేసి, మంజూరు చేయ ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
చెప్పులు మరచిన తండ్రి.