చుక్కనీటి సంచారం: టీకా తాత్పర్య సహితం

మూలం: అమీబా పాకును, యూగ్లీనా లాగుకొని పోవును, పారమీషియం తిరుగుచు ఈదును, ప్లాస్మోడియం జారును.

అవతారిక: హాలండులోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ 1674లో తాను నూరుకున్న కటకంలోంచి చెరువు నీటిని చూసి, అందులోని ప్రాణుల చురుకుదనానికి విస్తుపోయాడు. భాష్యాలు అప్పుడు మొదలై ఇప్పటికీ ఆగలేదు. మూలంలో కర్తలు నలుగురు, నలుగురివీ ఏకకణ దేహాలే. క్రియలు మాత్రం నాలుగు రకాలు.

ప్రతిపదార్థం: అమీబా = నిలకడైన రూపం లేనిది; పాకును = లోపలి పలచని జీవపదార్థం ముందుకు పారగా మిథ్యాపాదం చాచి, అంచు చేరిన పదార్థం చిక్కబడగా, వెనుక చిక్కబడినది తిరిగి పలచబడగా, దేహమంతయు అటు చేరును. యూగ్లీనా = పచ్చని దేహము గలది; లాగుకొని పోవును = ముందువైపున్న కశాభమును ఆడించి, దాని వెంట దేహమును ఈడ్చుకొని పోవును. పారమీషియం = చెప్పు ఆకారము గలది; తిరుగుచు = తన అక్షము చుట్టూ తిరుగుచు; ఈదును = వేల శైలికలను వరుస తప్పక కొట్టుచు, సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు పోవును. ప్లాస్మోడియం = మలేరియా కారకము, ఇచట దోమకాటుతో చర్మములో దిగు స్పోరోజోయిట్ దశ అని గ్రహింపదగును; జారును = పైపొరలోని ప్రోటీనులతో చుట్టూ ఉన్న కణజాలమును పట్టుకొని, లోపలి ఆక్టిన్, మయోసిన్‌ల బలముతో ఆ పట్టును వెనుకకు నెట్టి, తాను ముందుకు సాగును.

అధ్యాహారం: మూలకర్త పొదుపరి. మొదటి, చివరి వాక్యాలకు ‘పట్టు దొరికిన చోట’ అనీ, నడిమి రెండింటికి ‘నీటిలో’ అనీ చేర్చుకోవాలి. దేన్ని ఆనుకుని కదలాలో దాన్నిబట్టే క్రియ. ఆనుకోడానికి ఏమీ లేని నీటిలో అమీబా మిథ్యాపాదాలు చాస్తూ తేలుతుందే గాని పాకలేదు.

శంక: చేప కూడా నీటిలోనే కదా ఉన్నది, శైలికలెందుకు?

సమాధానం: ఈ ప్రశ్న వేసినవారు పెద్ద ఒంటివారు. చేప ఒకసారి తోక ఊపి ఊరుకున్నా కొంతదూరం సాగుతుంది. మిల్లీమీటరులో పావువంతు ఉన్న పారమీషియానికి అదే నీరు బెల్లం పాకం. కొట్టడం ఆపిన చోటే ఆగిపోతుంది. ఇంత చిన్న లోకంలో వచ్చిన దారినే వెనక్కి మళ్ళే ఊపు ఎంత గట్టిదైనా ఫలితం సున్నా అని భౌతికశాస్త్రవేత్త పర్సెల్ 1977లో వివరించాడు. అందుకే శైలిక పోయేటప్పుడు నిటారుగా బిగిసి నీటిని తోస్తుంది, వచ్చేటప్పుడు వంగి ఒంటికి ఆనుకుని జారుకుంటుంది. ఆ వంపు తెచ్చేది లోపలి సూక్ష్మనాళికల మీద నడిచే డైనీన్ అనే ప్రోటీను. శాస్త్రవేత్త గిబ్బన్స్ దాన్ని టెట్రాహైమినా అనే మరో ఏకకణజీవి శైలికల్లోంచి వేరుచేసి, 1965లో ఆ పేరు పెట్టాడు.

మరొక శంక: కదిలించే అవయవాలు తనవి కానివాడి మాటేమిటి?

ఈ శంక తోసిపుచ్చదగింది కాదు. ఆస్ట్రేలియాలో ఒక జాతి చెదపురుగుల పేగులో మిక్సోట్రికా అనే ప్రోటోజోవా ఉంది. దాని ఒంటినిండా స్పైరోకీట్ బాక్టీరియాలు అంటుకుని ఉంటాయి. అవన్నీ అలలుగా ఆడితే అది ముందుకు పోతుంది. సొంత కశాభాలు నాలుగున్నా అవి దిక్కు మార్చడానికే. కర్త ఒకరు, క్రియ వేరొకరిది. దీనికి విభక్తి ఏదో వ్యాకర్తలే తేల్చాలి.

విశేషం: నాలుగో వాక్యానికి తెలుగునేలతో చుట్టరికముంది. వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతుందని తేల్చాడు. అక్కడి నుంచి మనిషి చర్మంలోకి వచ్చాక సెకనుకు ఒకటి రెండు మైక్రోమీటర్ల చొప్పున జారుతూ రక్తనాళాన్ని వెతుక్కుంటుంది.

తాత్పర్యం: పట్టు ఉన్నవి పట్టుకుని పోతాయి, లేనివి నీటిని తోసుకుని పోతాయి, మిక్సోట్రికా ఇతరుల చేత తోయించుకుంటుంది.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారికి పరీక్షలో రెండు మార్కులు తథ్యం. మూడోది కావలసినవారు చెరువు నీటిచుక్కలో నాలుగు దూదిపోగులు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. పోగు తగిలిన పారమీషియం ఒంట్లోకి కాల్షియం చేరుతుంది, శైలికలు ఎదురు కొడతాయి, అది వెనక్కి తగ్గి, కాస్త పక్కకు తిరిగి మళ్ళీ బయలుదేరుతుంది. తరచు అదే పోగుకు మళ్ళీ తగులుతుంది.